ప్లాస్టిక్ సీసాల మూతల యంత్రాలు: గుంటూరు–ప్రకాశం మైదానంలో ఎంపిక

నింపిన ప్లాస్టిక్ సీసాకు మూతను అందించి, మెడ మీద సరిగా కూర్చోబెట్టి, తగిన బలంతో బిగించే సాధనాలు మూతల యంత్రాలు. పరిశ్రమ వాడుకలో వీటిని క్యాపింగ్ మెషిన్లు అంటారు. చేత్తో పట్టుకుని వాడే చిన్న బిగింపు సాధనం మొదలు నిమిషానికి వందల సీసాలు మూసే రోటరీ యంత్రం వరకు అన్నీ ఈ వర్గంలోకి వస్తాయి. మూతలను వరుసలో పేర్చే ఫీడర్లు, రేకు సీలు వేసే ఇండక్షన్ యంత్రాలు, బిగింపును కొలిచే టార్క్ మీటర్లు వీటికి అనుబంధాలు.

కృష్ణ ఒడ్డున అమరావతి నుంచి గుంటూరు, చిలకలూరిపేట మీదుగా ఒంగోలు దాకా పరచుకున్న పత్తి, మిర్చి నేలల్లో ఈ యంత్రాల అవసరం ప్రధానంగా నాలుగు సరుకులకు పడుతుంది: తాగునీరు, పురుగుమందులు, పచ్చళ్లు, వంటనూనె. నీటి సీసా మూత బయటి మురికిని ఆపాలి, ఎవరూ ముందే తెరవలేదని కొనేవారికి చూపాలి. పురుగుమందు మూత లోపలి ద్రావకాన్ని, దాని ఆవిరిని బయటికి రానీయకూడదు. పచ్చడి డబ్బా మూత నూనెను లోపల నిలిపి గాలిని బయట ఆపాలి. ఇన్ని వేర్వేరు పనులకు ఒకే యంత్రం సరిపోదు. ఎంపిక సరుకుతో మొదలై, సీసా పదార్థం, మెడ కొలత, మూత రకం దాటి చివర యంత్రం దగ్గరికి రావాలి. యంత్రాన్ని ముందు కొని, దానికి సరిపడే మూత కోసం తర్వాత వెతికే చిన్న పరిశ్రమలే ఎక్కువ నష్టపోతాయి.

చరిత్ర

మరచుట్ల మూతకు ఆధునిక రూపం 1858లో వచ్చింది. ఆ ఏడాది అమెరికాలో జాన్ లాండిస్ మేసన్ గాజు జాడీ మెడకు మరచుట్లు పోతపోసే పద్ధతికి పేటెంటు పొందాడు. 1892లో విలియం పెయింటర్ రూపొందించిన క్రౌన్ మూత సోడా, బీరు సీసాలకు ప్రపంచమంతా పాకింది. దాన్ని యంత్రంతో నొక్కి బిగించడం నుంచే సీసాల కర్మాగారాల్లో మూతల యంత్రాలు విస్తరించాయి.

ప్లాస్టిక్ సీసాకు పునాది వేసిన పదార్థాలు ఇరవయ్యో శతాబ్దం మధ్యలో వచ్చాయి. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే రసాయన శాస్త్రవేత్తలు పాలిఇథిలీన్ టెరిఫ్తలేట్‌ను, అంటే నేటి పెట్ ప్లాస్టిక్‌ను కనుగొన్నారు. 1953లో కార్ల్ జీగ్లర్ పరిశోధన నుంచి హెచ్‌డీపీఈ అనే గట్టి పాలిథీన్, 1954లో జూలియో నట్టా పరిశోధన నుంచి పాలిప్రొపిలీన్ వెలువడ్డాయి. నేటి మూతల్లో అత్యధికం ఈ రెండింటితోనే తయారవుతున్నాయి. గ్యాసు పానీయాల ఒత్తిడిని తట్టుకునే పెట్ సీసాకు నథానియల్ వైత్ 1973లో పేటెంటు పొందాడు.

భద్రత కోసం మూత మారిన సందర్భాలు రెండున్నాయి. కెనడాలో పిల్లలు మందులు మింగి ప్రాణాపాయంలో పడుతుండటం చూసి అన్రీ బ్రో అనే వైద్యుడు నొక్కి తిప్పితేనే తెరుచుకునే మూతను 1967లో వాడుకలోకి తెచ్చాడు. 1982లో షికాగోలో నొప్పి మాత్రల డబ్బాల్లో ఎవరో సైనైడ్ కలపడంతో ఏడుగురు చనిపోయారు. ముందే తెరిచినట్టు ఆనవాలు చూపే సీళ్లు ఆ తర్వాతే అమెరికాలో తప్పనిసరి అయ్యాయి, క్రమంగా ప్రపంచమంతటా అలవాటయ్యాయి.

భారతదేశంలో సీసా నీటి వ్యాపారం 1965లో ముంబయిలో బిస్లెరి గాజు సీసాలతో మొదలైంది. 1969లో ఆ వ్యాపారాన్ని పార్లే కొనుగోలు చేసింది. ప్లాస్టిక్ సీసా వచ్చాక నీరు పల్లెకు చేరింది. ప్రకాశం ప్రాంతంలో దీనికి వేరే కారణం కూడా ఉంది. అప్పటి నెల్లూరు జిల్లాలోని పల్లెల్లో భూగర్భజలాల ఫ్లోరైడు వల్ల ఎముకలు వంకర తిరిగే జబ్బును 1937లోనే శాస్త్రీయంగా నమోదు చేశారు. ఆ జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు 1970లో ఏర్పడిన ఒంగోలు (తర్వాత ప్రకాశం) జిల్లాలో కలిశాయి. సమస్య మాత్రం తీరలేదు. ఆర్‌ఓ ప్లాంట్లు, 20 లీటర్ల క్యాన్లు ఇక్కడ నిత్యావసరాలయ్యాయి. 2014 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మొదలుపెట్టిన ఎన్‌టీఆర్ సుజల పథకం 20 లీటర్ల శుద్ధజలాన్ని రెండు రూపాయలకు ఇవ్వాలని ఉద్దేశించింది.

మెడ, మూత, కొలతలు

మూత దేనికి సరిపోతుందో నిర్ణయించేది సీసా పొట్ట కాదు, మెడ. మెడ వెలుపలి వ్యాసం, మరచుట్ల సంఖ్య, చుట్టు వాలు, మెడ ఎత్తు కలిపి ఒక ప్రమాణంగా చెబుతారు. అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ సంఘం ఏర్పరచిన వరుసలో 28–400 అంటే 28 మి.మీ. మెడ, ఒక చుట్టు. 28–410 అంటే అదే మెడ, ఒకటిన్నర చుట్టు. 28–415 అంటే రెండు చుట్లు. వ్యాసం ఒక్కటే గనుక చూడగానే మూడూ ఒకేలా ఉంటాయి. ఒకదాని మూత మరొకదానికి కొంతదూరం ఎక్కి ఆగుతుంది, లేదా బిగిసినట్టే అనిపించి కారుతుంది. దుకాణంలో 28 మి.మీ. మూత అని మాత్రమే అడిగి తెచ్చుకుంటే జరిగేది ఇదే.

గ్యాసు పానీయాల పెట్ సీసాలకు చాలాకాలం పీసీఓ 1810 అనే మెడ నడిచింది. తర్వాత వచ్చిన పీసీఓ 1881లో మెడ ఎత్తు సుమారు 21 మి.మీ. నుంచి 17 మి.మీ.కు తగ్గింది, సీసాకు ఒక గ్రాముకు పైగా ప్లాస్టిక్ మిగిలింది. గ్యాసు లేని నీటికి ఇంకా పొట్టి, తేలిక మెడలు వచ్చాయి. మెడ పొట్టిదైన కొద్దీ మూత నిటారుగా దిగడానికి దొరికే ఆసరా తగ్గుతుంది. పాత యంత్రం మీద కొత్త తేలిక మూతలు వంకరగా కూర్చోవడానికి ఇదొక ముఖ్యకారణం.

మూతలో చూడవలసిన అంశాలు రెండు. మొదటిది సీలు. ఒకే ముక్కగా పోతపోసిన హెచ్‌డీపీఈ మూతలో లోపలి అంచు మెడలోకి దూరి నీటిని ఆపుతుంది. రెండు ముక్కల మూతలో మెత్తని లైనరు లేదా రేకు వ్యాడ్ ఆ పని చేస్తుంది. రెండోది ఆనవాలు పట్టీ. మూత కింది అంచున సన్నని వంతెనలతో వేలాడే ఈ పట్టీ, మూతను మొదటిసారి తిప్పినప్పుడు తెగి మెడ మీదే మిగిలిపోతుంది. బిగించేటప్పుడు అది మెడలోని మిట్ట మీదుగా తెగకుండా జారి దిగాలి. కాబట్టి యంత్రం తిప్పడంతో పాటు పైనుంచి తగినంత నొక్కాలి కూడా.

యంత్రాల రకాలు

మూత స్వభావాన్ని బట్టి యంత్రాలు మూడు కుటుంబాలు: తిప్పి బిగించేవి, నొక్కి బిగించేవి, రేకును రోలరుతో చుట్టేవి. (చూడు: టార్క్, ఇండక్షన్ సీలు.)

తిప్పి బిగించేవాటిలో అన్నిటికన్నా చిన్నది చేతి సాధనం. కరెంటుతోనో గాలి ఒత్తిడితోనో పనిచేసే దీన్ని తాడు ఆధారంగా పైనుంచి వేలాడదీస్తారు. పనివాడు మూతను చేత్తో పెట్టి, సాధనాన్ని ఆనించి బిగిస్తాడు. నిర్ణీత బిగింపు రాగానే లోపలి క్లచ్ జారుతుంది. ఆ క్లచ్ ఉన్నదే కొనదగ్గది. క్లచ్ లేకపోతే బిగింపు పనివాడి మణికట్టు మీద ఆధారపడుతుంది, మధ్యాహ్నానికి మణికట్టు అలసిపోతుంది. దీని తర్వాతిది బల్ల మీద నిలిపే అర్ధస్వయంచాలక యంత్రం. సీసాను కింద ఉంచి పెడల్ నొక్కితే మూతను పట్టే చక్ దిగి బిగిస్తుంది. వేగం చాలావరకు పనివాడి చేతి మీదే ఉంటుంది. నిమిషానికి పదిహేను, ఇరవై సీసాలు సాధారణం.

పట్టా మీద సీసాలు ఆగకుండా కదిలే స్పిండిల్ యంత్రంలో రెండు వైపులా తిరిగే రబ్బరు చక్రాల జతలుంటాయి. మొదటి జత మూతను సరిచేస్తుంది, మధ్యవి తిప్పుతాయి, చివరిది బిగిస్తుంది. సీసా తిరగకుండా పక్కల బెల్టులు పట్టుకుంటాయి. రకరకాల మూతలకు త్వరగా సర్దుకోవడం దీని గొప్పతనం. బలహీనత కూడా ఆ బెల్టుల్లోనే ఉంది: గోడ పలచనైన నీటి సీసాను గట్టిగా పట్టుకుంటే అది నలిగి నీరు పైకి చిమ్ముతుంది, వదులుగా పట్టుకుంటే సీసా తిరిగిపోతుంది. గోడ దళసరిగా ఉండే హెచ్‌డీపీఈ పురుగుమందు సీసాలకు, షాంపూ సీసాలకు ఇది నప్పుతుంది.

చక్ యంత్రంలో గిన్నె వంటి చక్ మూతను పైనుంచి పట్టుకుని తిప్పుతుంది. బిగింపు బలాన్ని అయస్కాంత క్లచ్ లేదా సర్వో మోటారు అదుపు చేస్తుంది. తలలు గుండ్రంగా అమర్చి తిరిగే రోటరీ రూపంలో దీని వేగం బాగా పెరుగుతుంది. నీటి ప్లాంట్లలో సీసా కడగడం, నింపడం, మూత బిగించడం ఒకే చట్రంలో జరిగే మోనోబ్లాక్ యంత్రాలు వాడతారు. వాటి మీద 18–18–6 అని రాసి ఉంటే పద్దెనిమిది కడిగే పట్లు, పద్దెనిమిది నింపే కవాటాలు, ఆరు మూత తలలు అని అర్థం. ఇక్కడ సీసాను పొట్ట దగ్గర కాక మెడ కింది రింగు దగ్గర పట్టుకుంటారు. తల నొక్కే బరువును ఆ రింగే మోస్తుంది. పలచని పెట్ సీసాకు ఈ పద్ధతే సరైనది.

నొక్కి బిగించేవాటికి మంచి ఉదాహరణ 20 లీటర్ల నీటి క్యాను. దాని మెడ సుమారు 55 మి.మీ., మరచుట్లు ఉండవు. మూతను గాలి సిలిండరుతో లేదా వాలుగా అమర్చిన బెల్టుతో నొక్కితే చప్పుడుతో కూర్చుంటుంది. పోయడానికి మూతి ఉన్న వంటనూనె మూతల్లో చాలావాటినీ ఇలాగే నొక్కుతారు.

రోలరు యంత్రం మూడో కుటుంబం. మరచుట్లు లేని అల్యూమినియం టోపీని మెడ మీద ఉంచి, తల గట్టిగా అదుముతూ రోలర్లతో మెడ చుట్ల వెంట రేకును నొక్కి మరచుట్లు పుట్టిస్తుంది. సిరప్ మందుల సీసాల మీద కనబడేది ఇదే. పైనుంచి పడే బలం ఎక్కువ కాబట్టి గాజుకు అలవాటైన ఈ పద్ధతిని ప్లాస్టిక్ సీసాకు తెచ్చేటప్పుడు మెడ, భుజం దళసరిగా ఉన్నాయో లేదో ముందే పరీక్షించాలి.

టార్క్

మూతను తిప్పే బలం టార్క్. దీన్ని న్యూటన్ మీటర్లలో, పాత వాడుకలో అంగుళం పౌన్లలో చెబుతారు. ఒక అంగుళం పౌను 0.113 న్యూటన్ మీటరు. మూత వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో అందులో సగం అంగుళం పౌన్లు బిగింపు ఉండాలన్నది మొదటి అంచనాకు పనికొచ్చే లెక్క. 28 మి.మీ. మూతకు సాధారణ పరిధి 1.4 నుంచి 2.4 న్యూటన్ మీటర్లు, 38 మి.మీ. మూతకు 1.9 నుంచి 2.9, పచ్చడి డబ్బాలకు వాడే 63 మి.మీ. మూతకు 2.8 నుంచి 4.9. చివరి అంకెను మూత తయారీదారు ఇవ్వాలి.

బిగించిన బలం, విప్పడానికి పట్టే బలం ఒకటి కావు. ప్లాస్టిక్ ఒత్తిడికి మెల్లగా లొంగుతుంది. ఇరవై నాలుగు గంటల తర్వాత విప్పే బలం బిగించిన బలంలో సుమారు సగానికి, 40 నుంచి 60 శాతానికి దిగుతుంది. బిగించిన వెంటనే కొలిచి తృప్తిపడితే మోసపోవడమే. పల్నాడులోని రెంటచింతల రాష్ట్రంలో అతి వేడి ప్రాంతాల్లో ఒకటి. మే నెల ఎండలో లారీలో ప్రయాణించే సీసాలో ఈ సడలింపు ఇంకా వేగంగా జరుగుతుంది. లోపలి ద్రవం, గాలి వ్యాకోచించి మూతను పైకి తోస్తాయి. ఈ మైదానంలో అమ్మే సరుకుకు పరీక్ష చల్లని గదిలోనే కాక 45 డిగ్రీల వేడిలో కూడా చేయాలి.

తక్కువ బిగిస్తే కారుతుంది. ఎక్కువ బిగిస్తే మరచుట్లు జారిపోతాయి, ఆనవాలు పట్టీ కర్మాగారంలోనే తెగుతుంది, లైనరు చిట్లుతుంది, ముసలివాళ్లు మూత తీయలేరు. మూత వంకరగా ఎక్కితే బిగింపు అంకె సరిగానే చూపించినా సీలు పడదు. అందుకే టార్క్ మీటరుతో పాటు కంటితో చూడటమూ మానకూడదు.

ఇండక్షన్ సీలు

మూత లోపల అట్ట, మైనం, అల్యూమినియం రేకు, ప్లాస్టిక్ పొర ఒకదాని మీద ఒకటి అంటించిన వ్యాడ్ ఉంటుంది. మూత బిగించిన సీసా విద్యుదయస్కాంత తల కిందుగా వెళ్లినప్పుడు రేకులో సుడి ప్రవాహాలు పుట్టి అది వేడెక్కుతుంది. మైనం కరిగి అట్టలోకి ఇంకుతుంది. అడుగు పొర కరిగి సీసా అంచుకు అతుక్కుంటుంది. వేడి రేకులోనే పుడుతుంది కాబట్టి సరుకు వేడెక్కదు. ఈ పద్ధతి 1950ల చివర అమెరికాలో రూపుదిద్దుకుంది.

మూతల యంత్రం ఎంపికతో దీనికి మూడు విధాల సంబంధం ఉంది. రేకు అంచుకు ఒరుసుకుని ఉండాలంటే ముందు బిగింపు సరిగా పడాలి. వదులు మూత మీద ఎంత విద్యుత్తు పెంచినా సీలు ఒక పక్కే అతుకుతుంది. అడుగు పొర సీసా జాతిదే కావాలి: హెచ్‌డీపీఈ సీసాకు అతికేది పెట్ సీసాకు అతకదు. మైనం ఇంకిపోయాక వ్యాడ్ మందం తగ్గి మూత వదులవుతుంది, అందుకని సీలు తర్వాత మళ్లీ బిగించే చిన్న యంత్రం వరుసలో ఉండాలి. ఖర్చు తగ్గించాలనుకునేవారు మొదట కొట్టేసేది ఈ మళ్లీ బిగించే యంత్రాన్నే. దాని ఫలితం నెల తర్వాత డీలరు దుకాణంలో వదులు మూతల రూపంలో బయటపడుతుంది.

ప్రాంతీయ సరుకులు

తాగునీరు. 20 లీటర్ల క్యాన్లు మాత్రమే నింపే ప్లాంటుకు నొక్కే యంత్రం చాలు. తిరిగి వచ్చే క్యాన్ల మెడలు అరిగి, గీతలు పడి ఉంటాయి; అక్కడ యంత్రం కన్నా క్యాను ఏరివేత ముఖ్యం. చిన్న సీసాలకు వెళ్లినప్పుడు వేగం లెక్క తప్పకుండా వేయాలి. గంటకు 2,000 లీటర్లు ఇచ్చే ఆర్‌ఓ ప్లాంటు లీటరు సీసాలు నింపితే నిమిషానికి 33 సీసాలు. అరలీటరుకు 67. పెళ్లిళ్లలో పంచే 250 మి.లీ. సీసాకు 133. నీటి వ్యాపారులు 60 బీపీఎం, 90 బీపీఎం అని నిమిషానికి సీసాల లెక్కలో యంత్రాన్ని కొంటారు. ఆ అంకెను తాము ఎక్కువగా అమ్మే సీసా సైజుకు చూసుకుని, మూతలు ఇరుక్కోవడం, శుభ్రపరచడం వంటి విరామాల కోసం నాలుగో వంతు అదనంగా పెట్టుకోవాలి. మూతలు నిలవ ఉంచే గది, మూతల హాపరు దుమ్ముకు మూసి ఉండాలి. నీరు ఎంత శుద్ధి చేసినా మురికి మూత దాన్ని పాడుచేస్తుంది.

పురుగుమందులు. మైదానంలో అతి జాగ్రత్తగా చూడవలసిన సరుకు ఇదే. 1986–87లో పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడినప్పుడూ, 2021–22లో మిర్చి మీద నల్ల తామర పురుగులు వచ్చినప్పుడూ రైతులు మందు మీద మందు కొట్టారు. చేలగట్ల మీద, ఇంటి వసారాల్లో, పిల్లల చేతికి అందే చోట ఈ సీసాలుంటాయి. కారే మూత ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. ద్రావకం ఆధారంగా తయారైన ఎమల్షన్ మందులు మామూలు హెచ్‌డీపీఈ గోడలోంచి కూడా మెల్లగా ఆవిరవుతాయి. సీసా లోపలికి గుంటపడుతుంది. అందుకే అడ్డుపొర ఉన్న బహుళపొరల సీసాలు, ద్రావకాన్ని తట్టుకునే లైనర్లు, ఇండక్షన్ సీలు కలిపి వాడతారు. యంత్రం విద్యుత్ భాగాలు మండే ఆవిరి ఉన్న చోట పనిచేయడానికి తగినవై ఉండాలి. ఈ ఒక్క కారణం చేతనే చాలామంది గాలి ఒత్తిడితో నడిచే తలలను ఎంచుకుంటారు.

ఈ సరుకులో వేగం కన్నా సైజు మార్పిడి సమయం ఎక్కువ ధర పలుకుతుంది. వెయ్యి లీటర్ల తొట్టిలోని మందును 100 మి.లీ. సీసాల్లోకి నింపితే పదివేల సీసాలు. నిమిషానికి నలభై చొప్పున నాలుగు గంటలు దాటుతుంది. అదే మందును లీటరు సీసాల్లో నింపితే వెయ్యి సీసాలు, ఇరవై అయిదు నిమిషాల్లో అయిపోతుంది. సీసాలను పట్టి తిప్పే స్టార్ వీల్, చక్, గైడ్లు మార్చడానికి గంట పట్టే యంత్రమైతే లీటరు సీసాల రోజున నడిచిన సమయం కన్నా ఆగిన సమయమే ఎక్కువ. పనిముట్లు లేకుండా చేత్తో మార్చగల, అంకెల గుర్తులున్న సర్దుబాట్లు గల యంత్రానికి ఇక్కడ ఎక్కువ ధర పెట్టడం న్యాయం.

పచ్చళ్లు. ఆవకాయ, గోంగూర, పండుమిరప పచ్చళ్లను ఇంటి పరిశ్రమగా చేసేవారు గుంటూరు, తెనాలి పరిసరాల్లో ఎందరో ఉన్నారు. రోజుకు అయిదు వందల డబ్బాలంటే ఎనిమిది గంటల్లో నిమిషానికి ఒకటే. వీరికి క్లచ్ ఉన్న చేతి సాధనం, చిన్న చేతి ఇండక్షన్ సీలరు, ఒక టార్క్ మీటరు సరిపోతాయి. పెద్ద యంత్రం అమ్మజూపేవారి మాట వినకపోవడమే మంచిది. పచ్చడిలో అసలు చిక్కు అంచుకు అంటిన నూనె. నూనె ఉన్న చోట రేకు అతకదు, మరచుట్ల మీద నూనె పడితే అంతే బలానికి మూత మరింత లోతుకు దిగి మరచుట్లు జారతాయి. నింపే గరాటు మూతి డబ్బా మెడకన్నా సన్నగా ఉండి లోపలికి దిగాలి. ప్రతి డబ్బా అంచూ పొడిబట్టతో తుడవాలి. ఉప్పు, పులుపు ఉక్కును తింటాయి గనుక సరుకు తగిలే చోట 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు కావాలి. 304 రకం చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది.

నూనె, కారం. పత్తిగింజల నూనెను లీటరు, అయిదు లీటర్ల పాత్రల్లో అమ్మేటప్పుడు నొక్కుడు మూతలు, పిడి ఉన్న డబ్బాలు రావడంతో పట్టా మీద డబ్బా దిశ ఒకే వైపు ఉండేలా చూడాలి. మిర్చి యార్డు ఉన్న గుంటూరులో కారం పొడి ఎక్కువగా ప్యాకెట్లలో పోయినా డబ్బాల వాడకమూ ఉంది. కారం ధూళి మరచుట్ల మీద, ఫోటో సెన్సరు కంటి మీద, బేరింగులలో చేరుతుంది. దాన్ని పీల్చే గొట్టం లేకుండా మూతల యంత్రాన్ని నింపే యంత్రం పక్కన పెట్టకూడదు. అక్కడ నిలబడేవాళ్ల ఊపిరితిత్తులకూ అది అవసరమే.

స్థల పరిస్థితులు

చిన్న యంత్రాలు 230 వోల్టుల సింగిల్ ఫేజుతో నడుస్తాయి. రోటరీ, మోనోబ్లాక్ యంత్రాలకు 415 వోల్టుల మూడు ఫేజులు, గాలి కంప్రెసరు కావాలి. కరెంటు హెచ్చుతగ్గులకు సర్వో డ్రైవులు, నియంత్రణ కార్డులు సున్నితం. వాటికి స్టెబిలైజరు తప్పదు. అయస్కాంత క్లచ్ తల దీనికి అంత భయపడదు, స్థానిక ఫిట్టరు విప్పి బాగుచేయగలడు. సర్వో తల ప్రతి మూత బిగింపునూ నమోదు చేస్తుంది. ఎగుమతి చేసేవారికి, పెద్ద కంపెనీలకు నింపి ఇచ్చేవారికి ఆ నమోదు విలువైనది. ఊళ్లో అమ్ముకునేవారికి క్లచ్ తలే మేలు.

బాపట్ల, చీరాల వైపు సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. కంప్రెసరు గాలిలో నీరు చేరి సిలిండర్లు, కవాటాలు పాడవుతాయి. గాలి ఆరబెట్టే యంత్రం, నీటిని వదిలే కవాటం కొనుగోలు జాబితాలో మొదటే ఉండాలి.

విడిభాగాల దూరం కూడా లెక్కే. యంత్రాలు ఎక్కువగా హైదరాబాదు, అహ్మదాబాదు, ముంబయి తయారీదారుల నుంచి వస్తాయి. చక్ లోపలి రబ్బరు, స్పిండిల్ చక్రాలు, బెల్టులు అరిగేవి. ఏడాదికి సరిపడా వాటిని యంత్రంతో పాటే తెప్పించుకోవాలి. లేతు పని విజయవాడ, గుంటూరు ఆటోనగర్లలో జరుగుతుంది కాబట్టి స్టార్ వీల్, గైడ్ల కొలత చిత్రాలు అమ్మేవారి దగ్గర అడిగి తీసుకోవడం లాభం.

చట్టాలు, ప్రమాణాలు

ఆహారానికి తగిలే ప్లాస్టిక్‌కు భారతీయ ప్రమాణాలున్నాయి: పాలిథీన్‌కు ఐఎస్ 10146, పాలిప్రొపిలీన్‌కు ఐఎస్ 10910, పెట్ జాతికి ఐఎస్ 12252. నీటి సీసాలు, క్యాన్లకు ఐఎస్ 15410, అందులోని తాగునీటికి ఐఎస్ 14543 వర్తిస్తాయి. సీసా నీటికి 2001 నుంచి తప్పనిసరిగా ఉన్న భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ధ్రువీకరణ షరతును ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2024 అక్టోబరులో తొలగించింది. ఆ ఏడాది నవంబరులోనే ఈ నీటిని అధిక ప్రమాద ఆహారాల వర్గంలో చేర్చింది. ఆహార ప్యాకింగ్‌కు 2018 నిబంధనలు, బరువు, ధర, తేదీల ముద్రణకు 2011 లీగల్ మెట్రాలజీ నియమాలు, పురుగుమందులకు 1968 చట్టం, 1971 నియమాలు ఉన్నాయి. వాడి పారేసిన ప్లాస్టిక్ బాధ్యతను 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నియమాలు, వాటి సవరణలు నిర్ణయిస్తాయి.

ఐరోపా సమాఖ్యలో మూడు లీటర్ల లోపు పానీయాల ప్లాస్టిక్ సీసాల మూత తెరిచాక కూడా సీసాకే అంటుకుని ఉండాలన్న నియమం 2024 జులై 3 నుంచి అమలవుతోంది. అలాంటి మూతకు అతుకు ఉండటం వల్ల చక్ పట్టు, మూత దిగే తీరు మారతాయి. అక్కడికి పానీయాలు పంపే ఉద్దేశం ఉంటే యంత్రం అమ్మేవారిని ఈ విషయం ముందే అడగాలి.

సూక్ష్మ ఆహార పరిశ్రమలకు 2020లో మొదలైన ప్రధానమంత్రి పథకం కింద యూనిట్ ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా పది లక్షల రూపాయల వరకు రుణంతో ముడిపడిన రాయితీ ఏర్పరచారు. ప్లాస్టిక్ పరీక్షలు, శిక్షణకు విజయవాడ దగ్గర సూరంపల్లిలో సిపెట్ కేంద్రం ఉంది. ఆహార సాంకేతిక విద్యకు బాపట్లలో వ్యవసాయ విశ్వవిద్యాలయ కళాశాల ఉంది.

కొనుగోలు ముందు పరీక్ష

తయారీదారు దగ్గర యంత్రం చూసేటప్పుడు అక్కడి నమూనా సీసాలతో కాక, కొనేవారు తమ సీసాలు, తమ మూతలు, వీలైతే తమ సరుకే తీసుకెళ్లాలి. నీళ్లతో నడిపి చూపిన యంత్రం నూనె అంచు మీద ఎలా నడుస్తుందో చెప్పలేం. మూతలు ఒకే బస్తావి కాకుండా రెండు మూడు వేర్వేరు తయారీ తేదీలవి కలపాలి, ఎందుకంటే మూతల కొలతల్లో వచ్చే తేడాకు ఫీడరే ముందు ఇరుక్కుంటుంది. కనీసం గంటసేపు ఆపకుండా నడిపించి, ఎన్నిసార్లు ఆగిందో రాసుకోవాలి.

ఆ సీసాల్లో కొన్నిటిని వెంటనే, కొన్నిటిని ఇరవై నాలుగు గంటల తర్వాత టార్క్ మీటరుతో విప్పి చూడాలి. కొన్నిటిని కాగితం పరిచి తలకిందులుగా ఒక రోజు ఉంచాలి. కొన్నిటిని నీటిలో ముంచి శూన్య పేటికలో గాలి తీస్తే బుడగలు లీకును చూపిస్తాయి. నిండు సీసాను నడుము ఎత్తు నుంచి గచ్చు మీద పడేసి మూత నిలిచిందో లేదో చూడటం కూడా పరీక్షే. లారీ దించే చోట సీసాకు జరిగేది అదే. బహుళ తలల యంత్రంలో ప్రతి తల నుంచి విడిగా సీసాలు తీసి కొలవాలి. సగటు అంకె బాగున్నా ఆరు తలల్లో ఒకటి వదులుగా బిగిస్తే ప్రతి ఆరో సీసా కారుతుంది. ఏ తల ఏ సీసాను మూసిందో తెలిసేలా తలలకు అంకెలు వేయించి, ఫలితాల పట్టికను కొనుగోలు ఒప్పందానికి జతచేయించి, మిగిలిన సొమ్మును సొంత షెడ్డులో అదే పరీక్ష మళ్లీ నెగ్గాకే చెల్లించేలా రాయించుకోవాలి.